వజ్రంతో పోటీపడిన పూత, ఒక్క శాతం కూడా లేని ఆక్సిజన్

హార్డ్‌వేర్ షాపులో బంగారు రంగు డ్రిల్ బిట్ ఎప్పుడైనా చూశారా? అది బంగారం కాదు, టైటానియం నైట్రైడ్ పూత. మందం రెండు మూడు మైక్రాన్లే, అంటే తలవెంట్రుకలో సుమారు ఇరవయ్యో వంతు. కానీ బిట్ త్వరగా అరిగిపోకుండా కాపాడేది అదే. ఇలాంటి పూతల మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదన నడిచింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1995లో జర్మనీలోని మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో స్టాన్ వెప్రెక్ బృందం ఒక కొత్త పూత గురించి ప్రకటించింది. అందులో టైటానియం నైట్రైడ్ స్ఫటికాలు కొన్ని నానోమీటర్ల సైజులో ఉంటాయి. వాటి మధ్య సిలికాన్ నైట్రైడ్ పలచటి పొరగా ఉంటుంది. ఇటుకలు, మధ్యలో సిమెంటు అనుకోండి. దీన్నే నానోకాంపోజిట్ అంటారు. మామూలు టైటానియం నైట్రైడ్ గట్టితనం 20 గిగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది. ఈ బృందం 2000 నాటికి ఏకంగా 100 దాటామని చెప్పింది. అంటే వజ్రంతో పోటీ అన్నమాట!

మిగతా ల్యాబులు కూడా ప్రయత్నించాయి. చాలామందికి 30, 40 దగ్గరే ఆగిపోయింది. మరి తప్పు ఎవరిది? వెప్రెక్ జవాబు ఏంటంటే, మీ పూతలో ఆక్సిజన్ కలిసింది. ఒక్క శాతం కన్నా తక్కువున్నా సరే, ఆ సిమెంటు పొర బలహీనపడుతుంది అన్నారు.

సరే, అంత తక్కువ ఆక్సిజన్‌ని కొలవడం ఎలా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మొదటి దారి ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్. పారిస్‌లో రేమండ్ కాస్టెయింగ్ 1951లో తన థీసిస్‌లో దీన్ని వివరించారు. ఎలక్ట్రాన్లతో కొడితే ఒక్కో మూలకం తనదైన ఎక్స్‌రే ఇస్తుంది, దాన్ని బట్టి గుర్తుపడతాం. కానీ నైట్రోజన్ ఎక్స్‌రే శక్తి 392 ఎలక్ట్రాన్ వోల్టులు, టైటానియం గీతల్లో ఒకటి 395. రెండు రేడియో స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టే. ఈ పూతలో ఉన్నదేమో ముఖ్యంగా ఆ రెండే!

రెండోది ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ పద్ధతి. దీన్ని అభివృద్ధి చేసిన స్వీడన్ శాస్త్రవేత్త కాయ్ సీగ్బాన్‌కి 1981లో నోబెల్ వచ్చింది. ఇది పైపైన కొన్ని నానోమీటర్లే చూస్తుంది. అక్కడ గాలి తగిలి పట్టిన ఆక్సిజన్ ఎలాగూ ఉంటుంది. పోనీ ఆర్గాన్ అయాన్లతో గీకి లోపల చూద్దామంటే, టైటానియం కన్నా నైట్రోజన్ ముందే ఎగిరిపోతుంది. శుభ్రం చేయబోతే లెక్కే మారిపోయింది!

మూడోది కెనడా పరిశోధకులు 1976లో చూపించిన దారి. క్యారమ్స్ ఆడారా? స్ట్రైకర్ బలంగా తగిలితే కాయిన్ ముందుకు ఎగిరిపోతుంది కదా. అలాగే యాక్సిలరేటర్‌లో వేగం పెంచిన బరువైన అయాన్లు పూతకి తగిలితే లోపలున్న ఆక్సిజన్, నైట్రోజన్ లాంటి తేలిక అణువులు బయటికి ఎగిరొస్తాయి. అవి ఏ మూలకానివి, ఎన్ని, ఎంత లోతు నుంచి వచ్చాయి అన్నది లెక్కపెట్టొచ్చు. దీన్ని ఎలాస్టిక్ రికాయిల్ డిటెక్షన్ అంటారు. మ్యూనిక్ బృందం తమ పూతల్లో ఆక్సిజన్‌ని ఈ పద్ధతితోనే కొలిపించింది. ఆక్సిజన్ పెరిగేకొద్దీ గట్టితనం పడిపోతోందని 2005లో చూపించింది.

అంటే వెప్రెక్ గెలిచినట్టేనా? అంత తేలిక కాదు. అంత పలచటి పూత మీద గట్టితనం కొలిచిన తీరులోనే లోపాలున్నాయని 2012లో ఇంకొందరు గట్టిగా విమర్శించారు. అయితే ఆక్సిజన్ గురించి ఆయన ఇచ్చిన హెచ్చరిక మాత్రం మర్చిపోకూడనిది. పూతలో ఏముందో చెప్పకుండా ఎంత గట్టిదో చెబితే అది సగం మాటే.

ఇదంతా ఎక్కడో జర్మనీ గొడవ అనుకోకండి. పదార్థాల్లో ఏది ఎంతుందో తేల్చడానికే పనిచేసే జాతీయ కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం నడుపుతున్న ఆ ల్యాబ్‌లో ఇలాంటి పనికి వాడే యాక్సిలరేటర్ కూడా ఉంది.

ఈసారి బంగారు రంగు డ్రిల్ బిట్ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.