ఈశాన్యం కాదు, మున్సిపాలిటీ

అద్దెకి ఎవరూ దిగకపోతే ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని వాస్తు పండితుణ్ణి పిలిచే ఇంటి యజమానులు, తమ మున్సిపాలిటీ చరిత్ర మాత్రం చూడరు. పుదుచ్చేరిలోని మేట్టుపాళయాన్నే తీసుకుందాం. ఉళవర్‌కరై మున్సిపాలిటీ కిందకి వచ్చే ప్రాంతం. అక్కడ గోడౌన్లకీ, కార్మికుల గదులకీ అద్దెలు తెచ్చింది వాస్తు కాదు. పారిశ్రామికవాడనీ, లారీల టెర్మినల్‌నీ అక్కడ పెట్టాలన్న సర్కారు నిర్ణయం.

ఫ్రెంచివాళ్ళు 1880లోనే పుదుచ్చేరిలో, మన యానాంలో కూడా మున్సిపల్ కౌన్సిళ్ళు పెట్టారు. స్వతంత్రం వచ్చాక 1968లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత 38 ఏళ్ళు లేవు! 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కౌన్సిళ్ళ గడువు 2011లో తీరింది. 2021లో ప్రకటించిన ఎన్నికలు రిజర్వేషన్ల వివాదంతో ఆగిపోయాయి.

ఇంటి పన్ను, ప్లాన్ల అనుమతి మాత్రం ఆగలేదు. అవి అధికారులు చూసుకున్నారు. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, అధికారులంటే నాకు చులకన లేదు. కానీ పన్ను ఎందుకు పెరిగిందని నిలదీయడానికి కౌన్సిలరు ఉండాలి కదా? లేకపోతే యజమాని ఆ పెంపుని అద్దెలో కలిపేస్తాడు. అద్దెకున్నవాడికి అడిగే చోటే ఉండదు.

కౌన్సిళ్ళుంటే చాలనీ అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయాలని 2020 చివర్లో చట్టం మార్చారు. పురపాలక ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. కొత్త కౌన్సిలర్లు కుర్చీల్లో కూర్చునేసరికే పద్ధతి ఖరారైపోయింది.