బడిపిల్లల బరువు

2022లో విశాఖపట్టణము జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పేరుపడినది. అచ్చటనే కాదు, ఏ ఊరిలోనైనను బొద్దు పిల్లవానిని చూచి పుష్టిగా ఉన్నాడని మెచ్చుకొనుట మనకు వాడుక. మన భయమంతయు బక్కచిక్కిన బిడ్డను గురించియే. దేశములో పోషణశాస్త్రము కూడ అట్లే మొదలైనది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన పరిశోధన బెరిబెరిని గూర్చినది. అనగా కొరతను గూర్చినది. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

2025లో యూనిసెఫ్ లెక్క తిరుగబడినది. ప్రపంచమున 5–19 ఏండ్ల వారిలో స్థూలకాయులు నూటికి 9.4; తక్కువ బరువు వారు 9.2.

కొలుచు సూత్రము మాత్రము పాతదే. ఎదిగినవారి బరువు ఎత్తు యొక్క వర్గమును అనుసరించునని 1832లో బెల్జియము గణితజ్ఞుడు క్వెట్లే చెప్పెను. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దానికి దేహద్రవ్యరాశి సూచిక అని పేరిడెను. 45 కిలోల బరువు, 1.5 మీటర్ల ఎత్తు గల బాలునికి 45ను 2.25చే భాగింపగా 20 వచ్చును. పదునాలుగేండ్ల వానికి ఇది సహజము. ఆరేండ్ల వానికి అదే 20 వచ్చినచో స్థూలకాయమే! క్వెట్లే మాట ఎదిగినవారిని గూర్చినదని మరువరాదు.

అందుచేతనే భారతీయ శిశువైద్య అకాడమీ 2015లో 5 నుండి 18 ఏండ్ల వారికి, బాలబాలికలకు వేర్వేరుగా, పటములు వెలువరించినది. పెద్దలలో 23, 27 అగు సూచికలకు సరితూగు గీతలు వానిలో గలవు. తూకపు యంత్రము, గోడపై ఎత్తుగీత, ప్రవేశపు రిజిస్టరులోని పుట్టినతేదీ ఉన్నచో చోడవరపు బడిలోనైనను ఉపాధ్యాయుడు ఆ పటముపై చుక్క పెట్టవచ్చును. చుక్క పైగీత దాటినచో తల్లిదండ్రులకు విడిగా చెప్పవలెను, తరగతిలో కాదు.