గడియారం, సూర్యుడు, నమాజు వేళలు
ఉత్తరాంధ్రలో కాలమానపు మార్పుల చరిత్ర

మన మసీదులన్నిటిలోనూ గోడమీద ఒక గడియారం, దాని ప్రక్కన జమాఅత్ వేళలను తెలిపే ఒక పలక కనిపిస్తాయి. ముఅజ్జిన్ గడియారం చూసి అజాన్ ఇస్తాడు. ఈ అలవాటు ఎంతగా స్థిరపడినదంటే, నమాజు వేళను నిర్ణయించేది గడియారమేనని పిల్లలు అనుకోవడం సహజమైపోయింది. నిజానికి గడియారపు ముల్లు చూపే అంకె మనుషుల మధ్య కుదిరిన ఒప్పందం మాత్రమే. ఆ ఒప్పందం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో గత నూటయాభై సంవత్సరాలలో పలుమార్లు మారినది. ఒకసారి ఏకంగా ఒక గంట ముందుకు జరిగినది. అలా జరిగినప్పుడు ఏమి మారినది, ఏమి మారలేదు అనేది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గడియ నుండి గడియారం వరకు

క్రీ.శ. 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు నిర్మించాడు. ఆనాటి జనం కాలాన్ని జాములలో, గడియలలో లెక్కించేవారు. పగలూ రాత్రీ కలిసి ఎనిమిది జాములు, అరవై గడియలు. గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిమీద వదిలితే, అది నిండి మునిగే సమయాన్నిబట్టి గడియను కొలిచేవారు. ‘గడియారం’ అనే మన మాటకు మూలం ఆ గడియే.

నమాజుకు ఆ గిన్నె కూడా తప్పనిసరి కాదు. తూర్పున తెల్లని వెలుగు అడ్డంగా పరచుకుంటే ఫజ్ర్, పొద్దు నడినెత్తి దాటి వాలితే జుహ్ర్, నీడ పెరిగిన కొలతనుబట్టి అస్ర్, పొద్దు గ్రుంకితే మగ్రిబ్, సంధ్యకాంతి పూర్తిగా పోతే ఇషా. ఈ గుర్తులు పండితునికీ పామరునికీ సమానంగా కనిపించేవే. ముస్లిము శాస్త్రజ్ఞులు ఈ గుర్తులను గణితంతో నిర్ధారించే విద్యను పెంపొందించారు. పధ్నాలుగవ శతాబ్దంలో డెమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో కాలనిర్ణేతగా పనిచేసిన ఇబ్నుష్షాతిర్ 1371లో అక్కడ గొప్ప నీడగడియారాన్ని నెలకొల్పాడు. ఆ విద్యకు ప్రమాణం సూర్యుడు. పరికరం సూర్యునికి సేవకుడు.

మద్రాసు కాలం, రైలు కాలం

మన ప్రాంతంలో కాలాన్ని ఆధునిక పరికరాలతో కొలిచిన తొలి ప్రయత్నాలలో విశాఖపట్నపు వేధశాల ప్రముఖమైనది. మద్రాసు వేధశాలలో టేలర్ వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో దానిని స్థాపించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించారు. విజయనగరంలో 1885లో 68 అడుగుల ఎత్తుతో ఎనిమిది పలకల గంటస్తంభం వెలసినది. అప్పటికి ఈ ప్రాంతానికి రైలు రాలేదు.

1893–1896 మధ్య విజయవాడ, కటకముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గం పూర్తి అయినది. రైలుతో పాటు ఒక కొత్త కాలం కూడా వచ్చినది. అంతవరకు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైళ్ళు మాత్రం మద్రాసు వేధశాల కాలాన్ని అనుసరించేవి. ఆ కాలం గ్రీనిచ్‌కంటె 5 గంటల 21 నిమిషాలు ముందు. శ్రీకాకుళం మద్రాసుకు తూర్పుగా సుమారు మూడున్నర డిగ్రీలకు పైగా ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు దాదాపు పదిహేను నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. శ్రీకాకుళం పట్టణానికి రైలు నేరుగా రాలేదు. స్టేషను ఆమదాలవలసలో ఉన్నది. బండి కట్టించుకొని స్టేషనుకు పోయే ప్రయాణికుడు ఊరి పొద్దుతో బయలుదేరి, మద్రాసు కాలంతో రైలెక్కేవాడన్నమాట.

1906: బొంబాయిలో కలవరం, ఇక్కడ నిశ్శబ్దం

1905 జూలై 1న రైల్వేలు, తంతి శాఖ, 1906 జనవరి 1న ప్రభుత్వం, దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలాన్ని అమలులోకి తెచ్చాయి. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం దానికి ఆధారం. గ్రీనిచ్‌కంటె అయిదున్నర గంటలు ముందు. బొంబాయి సొంత కాలానికి ఇది 39 నిమిషాలు ముందుండడంచేత అక్కడ తీవ్రమైన వ్యతిరేకత వచ్చినది. 1906 జనవరిలో నూలుమిల్లుల కార్మికులు నిరసన తెలిపారు. చీకటితో లేచి పనికి పోవలసినవారు వారే గదా! పైగా ఈ మార్పు పరాయి ప్రభుత్వపు ఆజ్ఞ. బొంబాయి తన కాలాన్ని 1955 వరకు, కలకత్తా 1948 వరకు వదలలేదు.

మన వైపు అలాంటి కలవరానికి కారణమే లేదు. ఎందువలననగా ఆ 82½ డిగ్రీల రేఖ మన సముద్రతీరాన్ని తుని ప్రాంతంలోనే తాకుతున్నది. విజయనగరం 83.4, శ్రీకాకుళం 83.9 డిగ్రీల వద్ద ఉన్నాయి. కొత్త కాలానికీ శ్రీకాకుళపు సూర్యునికీ తేడా అయిదారు నిమిషాలు మాత్రమే. మద్రాసు కాలంతో ఉన్న పదిహేను నిమిషాల తేడా ఆ మేరకు తగ్గినది. దేశంలో గడియారమూ పొద్దూ దాదాపుగా కలిసి నడిచే ప్రాంతాలలో మనది ఒకటి. సూర్యుని గమనంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులవలన, ఋతువునుబట్టి పావుగంట వరకు తేడా ఎక్కడైనా వస్తుంది. అది వేరు విషయం.

యుద్ధకాలపు గంట

పగటి వెలుగును పొదుపు చేయడానికి గడియారాన్ని ముందుకు జరపాలనే ఆలోచన శీతల దేశాలలో పుట్టినది. ఇంగ్లండులో విలియం విల్లెట్ 1907లో దీనిని ప్రతిపాదించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు ఆదా కోసం 1916 ఏప్రిల్ 30న జర్మనీ, ఆ తరువాత మూడు వారాలకు బ్రిటన్ దీనిని అమలుపరచినవి. లండనులో వేసవి పగలు పదహారు గంటలకు మించుతుంది. ప్రజలు నిద్రలేవకముందే గంటలకొద్దీ వెలుగు వృథా అవుతుందని విల్లెట్ వాదన. శ్రీకాకుళంలో అతిదీర్ఘమైన పగలు సుమారు 13 గంటలు, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. ఇక్కడ దాచుకోవడానికి అదనపు వెలుగు ఎక్కడిది?

అయినా రెండవ ప్రపంచయుద్ధం ఆ గంటను మన గుమ్మంలోకి తెచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న భారతదేశపు గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిగినవి. 1945 అక్టోబరు 15 వరకు అదే కాలం కొనసాగినది. ఈ కొత్త కాలం సరిగ్గా యుద్ధానికి ముందు బర్మాలో చెల్లిన కాలమే. మన తీరం నుండి రంగూనుకు కూలికి పోయి, 1942లో ప్రాణాలు అరచేత పట్టుకొని తిరిగి వచ్చినవారికి, విడిచి వచ్చిన ఊరి గడియారం స్వగ్రామంలో ఎదురైనట్లయినది.

ఇక మసీదుల సంగతి. కొత్త కాలం మంగళవారంనాడు ప్రారంభమైనది. మొదటి జుమా సెప్టెంబరు 4న వచ్చినది. ఆనాడు శ్రీకాకుళంలో పొద్దు వాలే వేళ పాత లెక్కన 11 గంటల 53 నిమిషాలు, కొత్త లెక్కన 12 గంటల 53 నిమిషాలు. పాత పలక ప్రకారం పన్నెండున్నరకు జుమా జరిపే మసీదు ఏదైనా ఉండి, కొత్త గడియారం చూసి అదే పన్నెండున్నరకు నమాజు ప్రారంభిస్తే, ఆ నమాజు వేళ కాకముందే చేసినదవుతుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అది నెరవేరదు. ఒక్క అంకె విషయంలో ఏమరుపాటు మొత్తం జమాఅత్ ఆరాధనకే ముప్పు తేగలదు.

ఆ తరువాత పదిరోజులయినా గడిచీ గడవకముందే, సెప్టెంబరు రెండవ వారంలో, హిజ్రీ 1361 రమజాను మాసం వచ్చినది. అంతవరకు ఆరు గంటల ప్రాంతంలో అయ్యే ఇఫ్తార్ ఏడు గంటల ప్రాంతానికి మారినది. ఉపవాసం ఒక్క నిమిషమైనా పెరగలేదు. పొద్దు తన దారిన తాను పోయినది. కాని మనిషి దినచర్య మారినది. కచేరీ అయిదింటికి మూసినా ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలుండేది. ఇంటికి చేరి విశ్రమించడానికి అది సౌకర్యమే. దానికి బదులు తరావీహ్ ముగిసేసరికి గడియారం పది చూపేది. సహరీ తరువాత కచేరీకి, బడికి, మిల్లుకు వెళ్ళవలసిన వేళ పొద్దు లెక్కన గంట ముందే ముంచుకువచ్చేది. రైతుకు, చేపలవేటకు పోయేవారికి పొద్దూ పోటూ చాలు. వారికి ఈ గంట పట్టలేదు. నెల జీతగాడు, మిల్లు కార్మికుడు, విద్యార్థి దాని భారం మోశారు. 1942 నుండి 1945 వరకు వచ్చిన నాలుగు రమజాను మాసాలూ ఈ యుద్ధకాలపు గంటలోనే గడిచినవి.

ముస్లిము దేశాల అనుభవం

ఈ సమస్య మనకు మాత్రమే వచ్చినది కాదు. ఉస్మానియా సామ్రాజ్యంలో సూర్యాస్తమయానికి పన్నెండు గంటలు కొట్టేటట్లు గడియారాలను ప్రతిరోజూ సరిచేసేవారు. టర్కీ 1926లో ఆ పద్ధతిని విడిచినది. పాకిస్తాన్ 2002, 2008, 2009 సంవత్సరాలలో వేసవి కాలాన్ని ప్రయత్నించి మానుకున్నది. బంగ్లాదేశ్ 2009 జూన్ 19న గడియారాన్ని గంట ముందుకు జరిపి, ఆ సంవత్సరాంతంతో విరమించినది. ఈజిప్టు పలుమార్లు తెచ్చి తీసివేసి, 2023లో మళ్ళీ తెచ్చినది. మొరాకో పద్ధతి ప్రత్యేకం: 2018 నుండి సంవత్సరమంతా గంట ముందుండే ఆ దేశం, రమజాను మాసం వచ్చినప్పుడు గడియారాన్ని గంట వెనుకకు జరుపుతుంది. నమాజుకూ ఉపవాసానికీ దానివలన మార్పేమీ లేదు. ఉపవాసముండే మనిషికి ఊరట కలిగించడమే దాని ఉద్దేశం. గడియారాన్ని మనిషికోసం సవరించవచ్చునని అంగీకరించిన పద్ధతి ఇది.

నేటి చర్చ, మన కర్తవ్యం

మన దేశంలో ఈ చర్చ ముగియలేదు. సాయంకాలపు విద్యుత్తు ఆదా కోసం ప్రామాణిక కాలాన్ని అరగంట ముందుకు జరపాలని బెంగుళూరు శాస్త్రజ్ఞులు సూచించారు. ఈశాన్య రాష్ట్రాలకు వేరే కాలం ఉండాలని 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. అస్సాం తేయాకు తోటలలో ఏనాటినుండో గంట ముందుండే ‘తోట కాలం’ వాడుకలో ఉన్నది. అక్కడివారి ఇబ్బంది వాస్తవమైనదే; చలికాలంలో నాలుగున్నరకే పొద్దుగ్రుంకేచోట వారి కోరికను తేలికగా తీసివేయరాదు. అయితే ఆదా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2006లో అంతటా వేసవి కాలాన్ని అమలుపరచినప్పుడు, ఇండ్లలో విద్యుత్తు వాడకం తగ్గడానికి బదులు కొద్దిగా పెరిగినదని పరిశోధకులు తేల్చారు. ఏ మార్పు వచ్చినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ గంట లాభం ఎవరికి, చీకటితో లేచే భారం ఎవరికి?

షరీఅత్ దృష్టిలో గడియారాన్ని జరపడం లోకవ్యవహారం. మేలు కీడులు బేరీజు వేసి నిర్ణయించుకోవలసిన విషయం. దానిని ధర్మవిరుద్ధమని ఎదిరించనవసరం లేదు. కాని అంకె మారినప్పుడు వేళను కాపాడే బాధ్యత మాత్రం మనమీదనే ఉన్నది.

ఆ బాధ్యతను మనం ఇప్పుడైనా సరిగా నిర్వర్తిస్తున్నామా? గడియారం మారనక్కరలేకుండానే జరిగే పొరపాటు ఒకటున్నది. హైదరాబాదు కోసం ముద్రించిన రమజాను కాలపట్టిక మన జిల్లాలలో ఏ ఇంటి గోడకైనా చేరవచ్చు. హైదరాబాదుకంటె విజయనగరంలో సూర్యుడు సుమారు 20 నిమిషాలు, శ్రీకాకుళంలో 22 నిమిషాలు, ఇచ్ఛాపురంలో 25 నిమిషాలు ముందుంటాడు. ఆ పట్టికను సవరించకుండా నమ్మితే ఇఫ్తార్ ఆలస్యమవుతుంది, అంతవరకు పరవాలేదు. కాని సహరీ విషయంలో సుబహ్ సాదిఖ్ వచ్చిన తరువాత కూడా ఇరవై నిమిషాలు తింటూ ఉంటాం. ఆనాటి ఉపవాసం గతి ఏమిటి? పట్టికలో ఇంకా సమయమున్నదని అస్ర్‌కు నిలబడేవానికి అప్పటికే పొద్దు గ్రుంకి ఉండవచ్చు.

1942లో గంట మారినప్పుడు ప్రభుత్వం చాటింపు వేసినది గనుక అందరికీ తెలిసినది. ఈ ఇరవై నిమిషాలను ఎవరూ చాటింపు వేయరు. ప్రతి మసీదు కమిటీ తన ఊరి రేఖాంశాన్నిబట్టి లెక్కించిన పట్టికను గోడకు పెట్టడం, ఇమాములు దానిని సంవత్సరానికొకసారి సూర్యాస్తమయంతో సరిచూడడం కష్టమైన పని కాదు. మబ్బులేని ఒక సాయంకాలం కళింగపట్నం ఒడ్డునో, నాగావళి గట్టుమీదనో పిల్లలను నిలబెట్టి, పడమట పొద్దు గ్రుంకే క్షణాన గడియారం చూపించవచ్చు. ఏది ప్రమాణమో, ఏది సాధనమో వారికి ఆ ఒక్క పాఠంతో బోధపడుతుంది.