లంగర్ జులూస్ నుంచి బీబీ కా అలం దాకా

మొన్న వనపర్తి నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. "భయ్యా, ఈసారి పిల్లల్ని తీసుకుని యౌమె అషూరాకి హైదరాబాద్ వస్తున్నాం. వాళ్లు ఏనుగును చూడాలని ఒకటే జిద్. ఏ టైముకి రావాలి, ఎక్కడ నిలబడాలి, ఎట్లా తిరిగి పోవాలి, అన్నీ చెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపేసి, "ఆగు, ముందు ఏనుగు కథ చెప్తా" అన్నాను. ఫోన్లో చెప్పినదాన్నే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. మీలో కూడా చాలామంది జిల్లాల నుంచి బాల్‌బచ్చాలతో ఆ రోజు పాతబస్తీకి వస్తారు కదా.

హైదరాబాద్‌లో ముహర్రం జులూస్ అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది బీబీ కా అలం. కానీ వందేళ్ల కిందటి పెద్దవాళ్లను అడిగితే లంగర్ పేరు చెప్పేవాళ్లు. లంగర్ అనగానే మనకు గురుద్వారాలోని భోజనమో, దర్గాలోని దేగ్‌లో అన్నమో మెదులుతుంది. ఇక్కడ లంగర్ అంటే గొలుసు, ఏనుగు కాలికి కట్టే గొలుసు.

రివాయత్ ఇది. నగరం కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగం. ఆమె కొడుకు అబ్దుల్లా. 1626లో తఖ్తు ఎక్కి 1672 దాకా ఏలాడు. ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు అతను ఎక్కిన ఏనుగుకు మదమెక్కి, అతన్ని మోసుకుంటూ అడవిలోకి పరుగెత్తింది. దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. కొడుకు పైనుంచే అందుకుని తింటాడని ఆ తల్లి అడవి దారుల్లో చెట్ల కొమ్మలకు తిండి, నీళ్లు కట్టించిందట. కొడుకు సలామత్‌గా ఇల్లు చేరితే, ఆ ఏనుగు గొలుసు ఎంత బరువుందో అంత బరువైన బంగారు గొలుసు చేయించి హుస్సేనీ అలంకు సమర్పిస్తానని మన్నత్ మొక్కుకుంది. కొడుకు తిరిగొచ్చాడు. ఆమె గొలుసు చేయించి జులూస్‌గా తీసుకెళ్లింది. తర్వాత దాన్ని ముక్కలు చేసి గరీబులకు పంచిపెట్టారని చెప్తారు. చార్మినార్‌కు పడమరగా ఉన్న హుస్సేనీ అలం మొహల్లాకు ఆ పేరు ఆ ఆషూర్‌ఖానా వల్లే వచ్చింది.

ఇందులో తారీఖ్ ఎంత, కహానీ ఎంత అన్న బహస్ నేను పెట్టుకోను. కొడుకు కోసం చెట్లకు రొట్టెలు కట్టించిన తల్లి కథ నాలుగు వందల ఏళ్లు నిలిచింది, నాకది చాలు.

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. ఆషూర్‌ఖానాల రౌనక్ పోయింది. మళ్లీ ఆసఫ్‌జాహీల కాలంలో, ముఖ్యంగా నిజాం అలీ ఖాన్ హయాంలో, వాటికి ప్రాణం వచ్చింది. లంగర్ కూడా తిరిగొచ్చింది, కానీ ముఖం మార్చుకుని. ముహర్రం అయిదో తారీఖున సర్కారు ఫౌజంతా బజార్లో నడిచేది. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కు దళం, పాయెగా అమీర్ల సిపాయీలు, ఏనుగులు, ఒంటెలు, నిషాన్‌లు. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ సవార్లకైతే మా ఊరితోనే రిష్తా ఉంది. ఆ దళాన్ని మొదట తయారుచేసింది వనపర్తి రాజా రామేశ్వర్ రావు. తర్వాత అది నిజాం దగ్గరికి చేరింది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అన్న మొహల్లా ఉంది కదా, ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీయే. చల్లగాలి మిషను కాదు!

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో లాలా దీన్‌దయాళ్ తీసిన లంగర్ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకు గర్వం, బాధ రెండూ కలుగుతాయి. మిద్దెల మీద, చబూత్రాల మీద జనం కిక్కిరిసి ఉంటారు. ఆ రౌనక్‌లో కర్బలా ఎక్కడుంది? ఆ తల్లి భయం ఎక్కడుంది? షహాదత్‌ను యాద్ చేసుకోవాల్సిన రోజుల్లో అది తోపుల, తుపాకుల తమాషా అయిపోయింది. ఏడో నిజాం కాలంలో లంగర్ ఆగిపోయింది. ఆగడమే మంచిదైందని నా అభిప్రాయం. మా తాలీం దోస్తులకు ఈ మాట నచ్చదు.

మిగిలింది బీబీ కా అలం. బీబీ ఫాతిమాకు ఆఖరి గుసుల్ ఇచ్చిన చెక్కపలక ముక్క ఆ అలంలో ఉందని అఖీదత్‌మందుల నమ్మకం. డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి జోహర్ వేళకు బయలుదేరుతుంది. యాకుత్‌పురా, అలీజా కోట్ల, చార్మినార్, గుల్జార్ హౌజ్, పంజేషా, మీరాలం మండీ, దారుష్షిఫా మీదుగా సాయంత్రానికి చాదర్‌ఘాట్ చేరుతుంది. అలంను ఏనుగు మీద తీసుకెళ్తారు. ఈమధ్య ఆ ఏనుగును బయటి రాష్ట్రాల నుంచి తెప్పిస్తున్నారు.

చెల్లికి చెప్పింది ఇదీ. కారు వద్దు, రాస్తాలు బంద్ ఉంటాయి. మెట్రోలో మలక్‌పేటలోనో ఎంజీబీఎస్‌లోనో దిగి నడవండి. డబీర్‌పురా గల్లీలు ఇరుకు, చిన్నపిల్లలతో అటు పోవద్దు. చార్మినార్ దగ్గర ఖాళీ జాగా ఎక్కువే, జనం ఇంకా ఎక్కువ. దారుష్షిఫా దాటాక చాదర్‌ఘాట్ వైపు రోడ్డు కాస్త వెడల్పు. గంట ముందే గోడవారగా ఓ జాగా చూసుకోండి. నీళ్లకు ఫికర్ లేదు, అడుగడుగునా సబీల్ ఉంటుంది. నువ్వు రోజా ఉంటావు కాబట్టి సంచీలో నాలుగు ఖజూర్ వేసుకో. తిరిగి వెళ్లేసరికి మగ్రిబ్ దారిలోనే అవుతుంది.

కుర్రాళ్లు జంజీర్‌తో, బ్లేడ్లతో మాతం చేస్తారు. రక్తం కారుతుంది. ఆ సంగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకురా, అక్కడ చూసి జడుసుకుంటే కష్టం. మెరిసే జోడాలు వేయకు. ఏడుస్తున్న ఔరతుల ముందు ఫోన్ ఎత్తొద్దు. ఏనుగుతో సెల్ఫీ అన్నారంటే నా మీద ఒట్టే. మనం సున్నీలం, మాతం చేయం, సరే. మయ్యత్ ఇంటికి పోయినప్పుడు ఎట్లా నిలబడతామో అక్కడా అట్లాగే నిలబడాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లల జేబులో నీ నంబరు రాసిన చీటీ పెట్టు. తప్పిపోతే కదలకుండా దగ్గర్లోని సబీల్ దగ్గర నిలబడమని చెప్పు.

ఈ మాట ఊరికే అనలేదు. నాకు ఏడేళ్లప్పుడు గుల్జార్ హౌజ్ దగ్గర అమ్మీ చెయ్యి జారిపోయింది. ఆమె రెండో చేతిలో నెలల పిల్ల ఉంది మరి. సబీల్ దగ్గరున్న ఓ ముసలాయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, షర్బత్ ఇచ్చి, "ఇక్కడే ఉండు బేటా, అమ్మీ వచ్చిన దారినే వస్తుంది" అన్నాడు. అసర్ అయింది, జనం పలచబడ్డారు. అప్పుడు వచ్చింది అమ్మీ, కాళ్లకు చెప్పులు లేవు. నన్ను ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత గట్టిగా పట్టుకుంది.

మరుసటి ఏడు అలంకు ధట్టీ కట్టించడానికి మళ్లీ వచ్చింది. నేను తప్పిపోయిన ఆ కాసేపట్లో మన్నత్ మొక్కుకుందట. "ఇవన్నీ మనవాళ్లు చేసేవి కావు" అని మామూ చాలాసేపు సముదాయించాడు. అమ్మీ జవాబివ్వలేదు. ధట్టీని మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కింది.

అంతా విని చెల్లి కొంచెంసేపు మాట్లాడలేదు. "ఆ నెలల పిల్లను నేనేనా?" అంది.

"నువ్వే" అన్నాను. "పొద్దున ఆరు గంటల బస్సు పట్టుకోండి."