పుటవిన్యాసంలో ఎంపిక: పరిణామ అల్గారిథమ్‌ల చరిత్ర – ఒక పరిశీలన

కంప్యూటర్ వందల పుటవిన్యాసాలను కూర్చగలదు. వాటిలో మేలైనదాన్ని ఎవరు ఎంచాలన్నదే అసలు ప్రశ్న. గ్రాఫిక్ డిజైన్‌లో పరిణామ అల్గారిథమ్‌ల చరిత్రను ఈ ఎంపిక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ గెర్స్ట్‌నర్ 1964లో వెలువరించిన ‘డిజైనింగ్ ప్రోగ్రామ్స్’ గ్రంథంలో, ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క పరిష్కారం వెతకడానికి బదులు పరిష్కారాలను పుట్టించే పద్ధతినే రూపొందించాలని ప్రతిపాదించాడు. ఆ దశకంలోనే బెర్లిన్‌లో ఇంగో రెహెన్‌బెర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్ ఇంజనీరింగ్ రూపాలకు పరిణామ సూత్రాన్ని అన్వయించారు. అమెరికాలో జాన్ హాలండ్ 1975లో ప్రచురించిన గ్రంథం జన్యు అల్గారిథమ్‌లకు సైద్ధాంతిక పునాది వేసింది.

ఈ పద్ధతిలో శీర్షిక, బొమ్మ, పాఠం అనే భాగాల స్థానాలూ కొలతలూ సంఖ్యలుగా మారతాయి. ఆ సంఖ్యలే పుటకు జన్యువులు. రెండు పుటల సంఖ్యలను కలపడం సంకరణం. ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా మార్చడం ఉత్పరివర్తనం. ప్రతి తరంలో మేలైనవి నిలిచి తక్కినవి తొలగిపోతాయి.

ఎంపికకు రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది మనిషి కన్ను. కార్ల్ సిమ్స్ 1993లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో 16 తెరలపై చిత్రాలను ప్రదర్శించాడు. సందర్శకులు ఏ తెరల ముందు నిలబడితే ఆ చిత్రాలే తరువాతి తరానికి తల్లిదండ్రులయ్యాయి. అయితే వందల తరాలను చూసే ఓపిక కంటికి ఉండదు. రెండవది సూత్రం. గణితవేత్త జార్జి బిర్కాఫ్ 1933లోనే సౌందర్యాన్ని క్రమానికీ సంక్లిష్టతకూ గల నిష్పత్తిగా నిర్వచించాడు. సమతౌల్యాన్నీ అమరికనూ అంకెలతో కొలిచే ప్రయత్నాలు ఈ ఆలోచనాధోరణికి చెందినవే. సూత్రం అలసిపోదు, కానీ తనకు చెప్పని దోషాన్ని అది గుర్తించలేదు.

తెలుగు పుటకు ఈ పరిమితి ముఖ్యమైనది. లాటిన్ లిపిని మాత్రమే దృష్టిలో ఉంచుకొని రాసిన సూత్రం పంక్తులను దగ్గరగా జరిపితే, పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడిని తాకుతుంది. ఆ తాకిడిని దోషంగా లెక్కించకపోతే, అలాంటి పుట కూడా యోగ్యమైనదిగా నిలిచి తన లోపాన్ని తరువాతి తరాలకు అందిస్తుంది.

కాబట్టి పరిణామ అల్గారిథమ్‌లు డిజైనర్ అభిరుచిని తొలగించలేదు. దాన్ని ముందుగానే రాసిపెట్టవలసిన అవసరాన్ని తెచ్చాయి. తెలుగు అక్షరకూర్పరుల అనుభవజ్ఞానాన్ని కొలవదగిన నియమాలుగా నమోదు చేయడం ఇప్పుడు మన లిపి అధ్యయనం చేపట్టవలసిన పని.