యువకులు కట్టిన గ్రంథాలయంలో టీనేజీ పిల్లల చోటు

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి మహాసభగా కూడారు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఊరూరా తిరిగి ఆ సభను కూడగట్టిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు. నాలుగేళ్ల తర్వాత చీరాల పక్కన వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనాన్ని నెలకొల్పింది హిందూ యువజన సంఘం. పత్రికలో రాసిన రాతకు 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లిన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయసు కూడా అప్పటికి పాతికలోపే. తర్వాతి కాలంలో ఆయనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడై, వయోజన విద్యనూ గ్రంథాలయాన్నీ ఒకే పనిగా భావించి జీవితాంతం శ్రమించారు. తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్రలో కొత్త పద్ధతులు పుట్టిన చాలాచోట్ల వాటి వెనక పాతికేళ్ల లోపువాళ్లో, పాతిక దాటీ దాటనివాళ్లో కనిపిస్తారు. అలాంటి ఉద్యమం నుంచి వచ్చిన వ్యవస్థలో నేడు పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకంటూ ఒక చోటు, ఒక బీరువా, ఒక వేళ ఎందుకు లేకుండా పోయాయి? నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లను ముందు పెట్టుకుని ఈ ప్రశ్న వేయాలి. పెద్ద నగరాల్లో పిల్లలకు వేరే దారులుంటాయి. ఈ ఊళ్లలో అందరికీ తెరిచి ఉండే పుస్తకాల గది శాఖా గ్రంథాలయం ఒక్కటే.

రాయలసీమకు ఆ పేరు వచ్చింది నంద్యాలలోనే. 1928 నవంబరులో అక్కడ ఆంధ్ర మహాసభతో పాటు దత్తమండలాల సభ కూడా జరిగింది. నిజాం దత్తం చేసిన సీమ అన్న అర్థం మోసుకొచ్చే పాత పేరును వదిలి, రాయలసీమ అని పిలుచుకుందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించగా సభ ఒప్పుకుంది. తన పేరు తానే పెట్టుకునేంత చైతన్యం ఉన్న ఊరు అది. అయినా గ్రంథాలయాలు కృష్ణా, గుంటూరు మండలాల్లో మొలిచినంత చిక్కగా ఇక్కడ మొలవలేదు. ఆసక్తి తక్కువై కాదు. డెల్టాలో కాలువ నీరు, రెండు పంటలు, మిగులు ధాన్యం, దానితో పాటు స్థలం రాసిచ్చే దాతలు ఉన్నారు. కరువు తరచుగా తలుపు తట్టే సీమలో ఉద్యమానికి ఆ పెట్టుబడి దొరకలేదు. ఉద్యమం నడిచిన తీరు చూస్తే మరో సంగతి తెలుస్తుంది. అప్పటి కార్యకర్తలు చదువరి వచ్చేదాకా తలుపు తీసుకుని కూర్చోలేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఒడ్డునున్న పల్లెలకు పంపారు. అంతకు నాలుగేళ్ల ముందు తమిళనాట మన్నార్‌గుడిలో ఎడ్లబండి గ్రంథాలయం కదిలింది. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను తానే మోసుకుంటూ ఊళ్లు తిరిగారు. పడవ కొత్త యంత్రమేమీ కాదు, ఎడ్లబండీ కాదు. జనం ఎక్కడున్నారో, ఏ వేళకు తీరుబడిగా ఉంటారో కనిపెట్టి పుస్తకాన్ని అక్కడికి చేర్చడమే ఆ కొత్తదనం. ఆ పని చేసినవాళ్లకు పైనుంచి అనుమతి అక్కర్లేకపోవడం దానికి ఊతమైంది. ఈ రెండో సంగతిని మనం తరచుగా మరిచిపోతాం.

1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం, తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చాయి. ఆస్తి పన్ను మీద గ్రంథాలయ సెస్సు, జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖలు ఏర్పడ్డాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. దాతలు లేని సీమకు ఈ చట్టం చేసినంత మేలు డెల్టాకు చేయలేదు. పన్ను కట్టే ప్రతి ఊరికీ గ్రంథాలయం ఒక హక్కయింది. అయితే హక్కుతో పాటు నమూనా కూడా వచ్చింది: వార్తాపత్రికల బల్ల, పుస్తకాల బీరువాలు, వీలున్నచోట బాలల విభాగం, పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు. ఈ నమూనాకు తెలిసిన పాఠకులు ఇద్దరే: బొమ్మల పుస్తకం చూసే చిన్న పిల్లవాడు, పేపరు చదివే పెద్దమనిషి. మధ్యలో ఉన్నవాళ్లు లెక్కలోకి రాలేదు. ఇది మన ఒక్కరి లోపమేమీ కాదు, లోకమంతటా ఈ వయసును గ్రంథాలయాలు ఆలస్యంగానే గుర్తించాయి. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో మేబెల్ విలియమ్స్ 1919లో బడి పిల్లల కోసం ప్రత్యేకంగా పని మొదలుపెట్టారు. 1925లో క్లీవ్‌లాండ్ గ్రంథాలయం రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ పేరుతో యువ పాఠకులకు ఒక గదినే కేటాయించింది. తేదీలు చూడండి, అవి మన ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజులే. అక్కడ ఆ గదికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు, ఆ వయసుకు ఏం కావాలో కనిపెట్టడమే ఆ మనిషి ఉద్యోగం. ఇక్కడ శాఖా గ్రంథాలయంలో చాలాచోట్ల గ్రంథపాలకుడు ఒక్కడే. తలుపు తీసేదీ, పత్రికలు సర్దేదీ, లెక్కలు రాసేదీ, వారోత్సవాలు జరిపేదీ ఆయనే.

ఇలాంటి ఖాళీని ఎవరో ఒకరు పూరించక తప్పదు. పూరించింది అద్దె పుస్తకాల షాపు. పుస్తకానికి రోజుకింత అని తీసుకునే ఆ చిన్న కొట్లు దశాబ్దాల పాటు తెలుగు పట్నాల్లో బడిపిల్లలకు అసలైన గ్రంథాలయాలుగా నిలిచాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, వారపత్రికల సీరియళ్లు, ఆపైన యండమూరి వంటివారి నవలలు అక్కడినుంచే ఇళ్లకు చేరాయి. ప్రభుత్వ గ్రంథాలయంలో లేనిది ఆ కొట్టులో ఏముంది? పుస్తకం ముట్టుకుని ఎంచుకోవచ్చు. నిన్న వచ్చిన నవల ఇవాళ దొరుకుతుంది. ఏది తీసుకున్నా కొట్టువాడు పెదవి విరవడు. పాఠకుడు ఏది అడుగుతున్నాడో చూసి మర్నాడు అదే తెప్పిస్తాడు, ఎందుకంటే తెప్పించకపోతే కొట్టు నడవదు. అవి చిల్లర పుస్తకాలనీ, పిల్లలను చెడగొట్టాయనీ అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, వాటిలో నాసిరకానికి కొదవలేదు. కానీ ఒక తరం తెలుగు ధారాళంగా చదవడం నేర్చుకుంది ఆ పేజీల మీదే. మంచి పుస్తకానికి దారి చాలామందికి మామూలు పుస్తకం గుండానే పడింది. ఆ దారిలో రెండో మలుపు దగ్గర ప్రజా గ్రంథాలయం నిలబడి చేయి అందించి ఉండాల్సింది. అది జరగలేదు. టీవీ వచ్చాక, తర్వాత ఫోను వచ్చాక అద్దె కొట్లు మూతపడ్డాయి. వాటితో పాటు పోయినది చదివే అలవాటే కాదు, పిల్లలు తమంతట తాము పుస్తకం ఎంచుకునే ఏకైక చోటు కూడా పోయింది.

నంద్యాల కథలో ఇంకొక మలుపుంది. బ్యాంకు పరీక్షల శిక్షణకు ఈ ఊరు రాష్ట్రమంతటా పేరు పడింది. ఎక్కడెక్కడి నుంచో యువతీయువకులు ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటారు. ఇలాంటి ఊళ్లలో గ్రంథాలయాలు కూడా డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు ఉద్యోగాల అభ్యర్థుల చదువు గదులయ్యాయి. దీన్ని చూసి పెదవి విరిచే సాహిత్యాభిమానులతో నేను ఏకీభవించను. ఇంట్లో కుర్చీ, లైటు, నిశ్శబ్దం లేని పిల్లలకు ఆ మూడూ ఇచ్చి ఉద్యోగానికి చేర్చిన గ్రంథాలయం తన ధర్మం నెరవేర్చినట్టే. పైగా ఈ ఉదాహరణ చాలామంది పెద్దల వాదాన్ని కొట్టేస్తుంది. ఈ కాలం పిల్లలు గ్రంథాలయం గడప తొక్కరని అంటారు. తమకు పనికొచ్చేది ఉందని తెలిసినప్పుడు వాళ్లు తలుపు తీయకముందే వచ్చి నిలబడుతున్నారు. చిక్కల్లా ఒకటే: ఇరవై రెండేళ్ల అభ్యర్థి కోసం గది మొత్తం నిశ్శబ్దమైతే, గుసగుసలాడుతూ నలుగురూ కలిసి చదివే ఎనిమిదో తరగతి పిల్లకు అక్కడ చోటుండదు. గది చిన్నదైతే వేళలు వేరు చేయొచ్చు. వారంలో రెండు సాయంత్రాలు టీనేజీ పిల్లలవని బోర్డు పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేకుండా చూడాలి.

ఇటీవలి ప్రయత్నాలు లేకపోలేదు. 2020 నవంబరులో పాఠశాల విద్యాశాఖ ‘వి లవ్ రీడింగ్’ పేరుతో చదువు పండుగ మొదలుపెట్టింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచారు. రెండూ బడి గుండా నడిచాయి. బడి ఇచ్చే పుస్తకానికి వెనక ఒక టీచరు, ఒక మార్కు, ఒక గడువు ఉంటాయి. అవి లేనిచోట, సొంత ఇష్టంతో చదవడం ఈ వయసులో అలవడకపోతే ఆ తర్వాత అలవడటం కష్టం. ఆ చోటు ఇవ్వగలిగింది గ్రంథాలయమే. పక్కనున్న కర్ణాటక ఈ సంగతి గ్రహించింది. 2020లోనే ‘ఓదువ బెళకు’ అనే కార్యక్రమం కింద గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్లో ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చింది. డిపాజిట్టు అన్న చిన్న గోడను తీసేస్తే చాలు, చాలామంది పిల్లలు లోపలికి వస్తారు. కేరళది ఇంకో దారి. అక్కడ ఊరి గ్రంథాలయాన్ని సభ్యులే సంఘంగా నడుపుకుంటారు, రాష్ట్ర గ్రంథాలయ మండలి నిధులిస్తుంది. ఏ కార్యక్రమం పెట్టాలో ఊరే నిర్ణయిస్తుంది. 1914 నాటి మన పద్ధతి కూడా దాదాపు అదే. మనం చట్టం తెచ్చుకున్నప్పుడు డబ్బుకు భరోసా సంపాదించాం, ఊరి చేతిలోని నిర్ణయాన్ని మాత్రం పోగొట్టుకున్నాం. మన గ్రంథాలయాల్లో నవ్యతకు అడ్డం పడుతున్నది ఆలోచనల కొరత అనుకోను. ఆలోచన వచ్చిన మనిషి చేతిలో ఖర్చుపెట్టే అధికారం లేకపోవడమే అసలు అడ్డంకి అని నా నమ్మకం.

ఆళ్లగడ్డనే తీసుకోండి. రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు. కార్ఖానాల్లో ఉలి పట్టడం నేర్చుకునే పిల్లలు చాలామంది టీనేజీలోనే ఉంటారు. దగ్గరలోనే అహోబిలం, నల్లమల. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో ఈ పిల్లల కోసం ఏం ఉండాలో హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని జాబితా రాసేవారికి తెలియదు. విగ్రహ లక్షణాల పుస్తకాలు, ఆలయ శిల్పాల ఫొటో సంపుటాలు, డ్రాయింగు కాగితాలు, ఒక పెద్ద బల్ల ఉంటే చాలు, సాయంత్రం పని దిగిన కుర్రాడు లోపలికి వస్తాడు. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల కూడా దగ్గరే. 1847లో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ 2019లో సినిమాగా వచ్చి ఈ పిల్లలందరికీ తెలిసింది. ఆ ఆసక్తి ఇంకా వేడిగా ఉండగానే, ఊళ్లలో పెద్దవాళ్లు పాడే పాటలు, చెప్పే కథలు ఫోన్లలో రికార్డు చేసి, రాసి, గ్రంథాలయంలో ఒక సంపుటిగా దాచే పనిని పిల్లలకు అప్పగించవచ్చు. కరువుకాలంలో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి కథలూ అందులో చేరతాయి. ఫోను పుస్తకానికి శత్రువని వాదించేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తోచదు. ఫోనును పిల్లల చేతిలోంచి లాక్కునే శక్తి గ్రంథాలయానికి లేదు. దానితో ఏదో ఒకటి చేయించే శక్తి మాత్రం ఉంది. కర్నూలు ఉపాధ్యాయుడు, రచయిత ఎం. హరికిషన్ ఈ సీమ జానపద కథలను ఇక్కడి పలుకుబడిలో పిల్లలకు అందించి, సొంత యాస అచ్చులో కనిపిస్తే పిల్లలు ఎంత దగ్గరవుతారో చూపించారు.

పిల్లలకు టైము లేదన్న అభ్యంతరం బలమైనదే. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారకముందు మొదలై రాత్రిదాకా సాగే చదువులో గ్రంథాలయానికి గంట దొరకదు. అయితే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు, ప్రభుత్వ కాలేజీల పిల్లలకు, వేసవి సెలవుల్లో అందరికీ వేళ ఉంది. ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు: సాయంత్రం గ్రంథాలయానికి పంపడానికి ఇళ్లలో జంకుతారు. చీకటి పడకముందే ముగిసే వేళ, ఆడపిల్లలకే కేటాయించిన ఒక రోజు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఆ జంకు చాలావరకు తగ్గుతుంది. వీటిని నవ్యత అనడానికి కొందరు ఒప్పుకోకపోవచ్చు. పడవలో పుస్తకాలు పంపినప్పుడు కూడా అంత మామూలు పనే చేశారు.

ఇక డబ్బు. సెస్సును పన్నుతో పాటు వసూలు చేసే స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం పాత సమస్య. అది ప్రజల సొమ్ము, ఆ పేరుతోనే వసూలైన సొమ్ము. దాన్ని నిలిపి ఉంచే హక్కు ఎవరికీ లేదు. రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం 1972 నుంచి రాష్ట్రాలతో కలిసి పుస్తకాలకు, పిల్లల విభాగాలకు సాయం చేస్తోంది కాబట్టి అడగదలుచుకుంటే దారులున్నాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక గ్రంథాలయ పాలనను ఇక్కడి అవసరాలకు తగ్గట్టు మలుచుకోవాలని అడగడానికి ఒక సందర్భం కూడా వచ్చింది. ఆ అడగడంలో రెండు నిబంధనలు ముందుండాలి. ఒకటి, ప్రతి శాఖకూ ఏటా కొంత మొత్తం టీనేజీ పాఠకుల పేరిట విడిగా ఉండాలి. దాంతో ఏ పుస్తకాలు కొనాలో, ఏ పని పెట్టాలో ఆ ఊరి పిల్లల చిన్న సంఘమూ గ్రంథపాలకుడూ కలిసి నిర్ణయించాలి. పిల్లలు అద్దె కొట్టులో చేసిన ఎంపికను ఇక్కడ హక్కుగా చేయాలి. రెండోది ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ అంతా దాని మీదే ఆధారపడి ఉంది. పోయిన పుస్తకానికి గ్రంథపాలకుడు తన జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమో అన్న భయం ఉన్నంతకాలం బీరువాకు తాళం పడే ఉంటుంది. పిల్లలు చదివే పుస్తకాలు చిరుగుతాయి, కొన్ని తిరిగిరావు. ఏటా స్టాకు లెక్కలో అలాంటి పుస్తకాల్లో కొంత శాతాన్ని ప్రశ్న లేకుండా కొట్టివేయవచ్చని రాతపూర్వకంగా ఉండాలి.