అమెరికా పెన్షనుతో సొంతూరి బతుకు: పశ్చిమ ప్రకాశం

అమెరికాలో పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, రిటైరయ్యాక ఆంధ్రప్రదేశ్‌లోని సొంత ఊరికి వచ్చి ఉండే తెలుగువారి రోజువారీ జీవితం ఈ వ్యాస విషయం. అమెరికా ప్రభుత్వ లెక్కలో వీరు విదేశంలో ఉంటున్న తమ దేశపు పెద్దవాళ్లు. ఊళ్లో మాత్రం ఫలానా వారి అబ్బాయి, ఫలానా ఇంటి కోడలు. ఒంగోలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీది బేస్తవారిపేట, దాని చుట్టుపక్కల కంభం, గిద్దలూరు, మార్కాపురం ఉన్న పశ్చిమ ప్రకాశం మెట్ట ప్రాంతంలో ఇలా స్థిరపడాలనుకునేవారికి నెల ఖర్చు పెద్ద చిక్కు కాదు. తాగే నీళ్లు, అర్ధరాత్రి చేరుకోగల ఆసుపత్రి, రెండు దేశాల కాగితాలు, ఈ మూడే వాళ్లు ఇక్కడ ఉండగలరా లేదా అన్నది తేలుస్తాయి.

అమెరికా వెలుపల సోషల్ సెక్యూరిటీ పెన్షను అందుకునేవారు సుమారు 7 లక్షల మంది. కెనడా, జపాన్, మెక్సికోలలో ఎక్కువ. మెక్సికోలోని చపాలా సరస్సు ఒడ్డు, ఈక్వెడార్‌లోని క్వెంకా, పనామాలోని బోకెటె ఇలాంటి పెద్దలు గుంపుగా ఉండే ఊళ్లుగా పేరుబడ్డాయి. నెలకు 1,000 డాలర్ల జీవితకాల పెన్షను చూపిస్తే పనామా నివాస హక్కు ఇస్తుంది. భారతదేశంలో రిటైరైనవారికంటూ వీసా లేదు. పర్యాటక వీసా మీద వచ్చిన అమెరికన్ ఒక్క రాకలో 180 రోజులకు మించి ఉండకూడదు. ఆ కారణంగా ఇక్కడ విశ్రాంత జీవితం గడిపే అమెరికన్ పౌరులు దాదాపుగా మన మూలాలున్నవాళ్లే. వారికి దారి చూపింది, విదేశీ పౌరులైన మన మూలాలవారికి జీవితకాల వీసాగా పనిచేసే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఈ పథకం మొదలైంది.

పూర్వ రంగం

ఈ నేలకు అమెరికన్లు కొత్త కాదు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరి, 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువ పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కంభం చెరువును నింపేదీ ఆ గుండ్లకమ్మే. క్లౌ చివరి రోజులు మాత్రం సొంత దేశంలో గడిచాయి; 1910లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. పని ఇక్కడ, విశ్రాంతి అక్కడ. ఇప్పటి తెలుగు పెద్దలది దానికి ఎదురు దారి.

1965 నాటి అమెరికా వలస చట్టం ఆసియావాళ్లకు తలుపు తెరిచాక గుంటూరు, విశాఖ, కర్నూలు వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లూ, ఇంజనీర్లూ వెళ్లారు. 1977లో న్యూయార్క్‌లో వాళ్లు కూడి జరుపుకున్న సభే ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభల్లో మొదటిది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా సాఫ్ట్‌వేర్ తరాన్ని తీసుకుపోయింది. డాక్టర్ల తరం ఎనభైలకు చేరింది. సాఫ్ట్‌వేర్ తరం ఇప్పుడిప్పుడే పెన్షను వయసులోకి అడుగుపెడుతోంది కాబట్టి రాబోయే ఏళ్లలో ఈ విషయం మరెన్నో ఇళ్ల సమస్య అవుతుంది.

పెన్షను, పన్ను

సోషల్ సెక్యూరిటీ రావాలంటే 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల పని ఉండాలి. 62 ఏళ్లకే తగ్గించిన మొత్తం తీసుకోవచ్చు. 1960లోనో ఆ తర్వాతో పుట్టినవారికి పూర్తి మొత్తం 67కు వస్తుంది. 70 దాకా ఆగితే ఇంకా పెరుగుతుంది. అమెరికా పౌరుడు బేస్తవారిపేటలో ఉన్నా ఇది ఆగదు. బతికే ఉన్నారా అని అడుగుతూ అక్కడి నుంచి పత్రం వస్తుంది. దాన్ని నింపి తిప్పి పంపకపోతే మాత్రం పెన్షను నిలిచిపోతుంది. ఇంటి నంబరు సరిగా లేని పల్లె చిరునామాకు ఆ ఉత్తరం చేరక ఇబ్బంది పడకుండా, పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిన పేరూ, పిన్‌కోడ్, ఫోన్ నంబరూ ఇచ్చి ఉంచడం మేలు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు. కాబట్టి అక్కడ ఏడెనిమిదేళ్లే పనిచేసి తిరిగొచ్చినవారు కట్టిన డబ్బు వారికి పెన్షనుగా మారదు. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ అన్యాయాన్ని రెండు ప్రభుత్వాలూ సరిదిద్దలేదు.

భారత్–అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు అమెరికాదే. 401(కె) వంటి రిటైర్మెంటు పొదుపుల మీద రెండుచోట్లా వేర్వేరు ఏళ్లలో పన్ను పడే చిక్కును 2021 ఆర్థిక చట్టం 89ఎ సెక్షన్ తెచ్చి కొంత తీర్చింది. ఎన్నాళ్లో బయట ఉండి వచ్చినవారికి మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. ఆ తర్వాత ఉంటుంది. అమెరికా పౌరుడైతే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడా రిటర్ను వేయాలి. భారతీయ బ్యాంకుల్లో ఉన్నదంతా కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరం అమెరికా ఖజానాకు విడిగా తెలపాలి. ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ మినహాయింపు ఉన్నా అక్కడ లేదు. బ్యాంకులో తెలిసినవాడు చెప్పాడని ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొన్నవారికి అమెరికా పన్ను నిబంధనలు గట్టిగా తగులుతాయి.

రోజుల లెక్క ఇంకో ముడి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఉంటే పన్ను విషయంలో ఇక్కడి నివాసి. ఓసీఐ కార్డున్నవారు ఆధార్ తీసుకోవాలన్నా గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులు ఉండి ఉండాలి. పన్ను కోసం రోజులు తగ్గించుకునేవారికి ఆధార్ దొరకదు. గ్యాస్ కనెక్షన్ నుంచి సిమ్ కార్డు దాకా ప్రతి పనికీ కౌంటర్లో ముందు అడిగేది ఆధారే.

పొలం

ఓసీఐ కార్డున్నవారు ఇల్లు, ప్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మాలంటే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. రిటైరయ్యాక నాలుగెకరాలు కొని బత్తాయి చెట్లు పెట్టుకుందామని కలగన్నవారికి మొదట తగిలే గోడ ఇది. పౌరసత్వం మార్చుకోక ముందే తెలుసుకోవలసిన సంగతి, వచ్చాక తెలుస్తుంది. అన్నదమ్ముల పేర పట్టాదారు పాస్‌బుక్ ఉండి, తమ వాటా నోటిమాటగా ఉన్నవారు వారసత్వ ఎంట్రీలు ముందుగా రాయించుకోవాలి.

నీళ్లు, వైద్యం

పశ్చిమ ప్రకాశం భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఇక్కడ ఎన్నో ఊళ్ల బోర్లలో అంతకు మించి ఉంటుంది. పళ్ల మీద గార, మోకాళ్లు పట్టేయడం, వంగిన నడుము ఈ ప్రాంతపు పాత బాధలు. శ్రీశైలం జలాశయం నుంచి కొండలోపల సొరంగాల గుండా కృష్ణా నీళ్లు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు దాని లక్ష్యం. ఒక తరం ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ముసలిదైంది. అందుకే ఊళ్లో ఇల్లు కట్టుకునేవారు మేడ కంటే ముందు ఆర్వో మిషను సంగతి చూసుకోవాలి, బోరు నీళ్లు పరీక్ష చేయించాలి, వంటకూ ఆ శుద్ధి నీళ్లే వాడాలి. మూత్రపిండాలు అప్పటికే బలహీనపడ్డవారు డాక్టరుతో మాట్లాడాకే ఈ ఊళ్లలో కాపురం సంగతి ఆలోచించాలి.

పెన్షను సముద్రం దాటుతుంది గాని, పెద్దవాళ్ల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ దాటదు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప అమెరికా బయటి వైద్యానికి అది రూపాయి కూడా ఇవ్వదు. దాని బి భాగం ప్రీమియం 2025లో నెలకు 185 డాలర్లు. వాడుకోని దానికి ఎందుకని మానేసి, మళ్లీ చేరాలంటే గడిచిన ప్రతి పన్నెండు నెలలకూ 10 శాతం చొప్పున ప్రీమియం పెరిగి, ఆ పెంపు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే పిల్లల దగ్గరికి పోదామనుకునేవారు కడుతూనే ఉండాలి. ఇక్కడి ఆరోగ్య బీమాకు 65 ఏళ్ల పరిమితి 2024 ఏప్రిల్ 1 నుంచి తొలగింది. పాత జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు.

బీపీ, షుగర్ మందులు మార్కాపురంలో, గిద్దలూరులో అమెరికా ధరతో పోల్చలేనంత చవక. డాక్టరును ఆ రోజే చూడవచ్చు. ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి దొరుకుతుంది. తిరిగొచ్చినవారు మొదట మెచ్చుకునేది ఇదే, అది నిజం కూడా. గుండెపోటు, పక్షవాతం వచ్చినప్పుడు లెక్క మారుతుంది. బేస్తవారిపేట నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. గుంటూరు, హైదరాబాదు ఇంకా దూరం. 108 అంబులెన్సు వచ్చినా ఆ దూరం తగ్గదు. డెబ్బై అయిదు దాటి గుండె జబ్బున్నవారు ఒంగోలులోనో గుంటూరులోనో కాపురం పెట్టి, ఊరికి వస్తూ పోతూ ఉండడమే మంచిదని ఈ రచయిత అభిప్రాయం. ఊరిమీది ప్రేమ ఎంత గొప్పదైనా ఈ ఒక్క విషయంలో దానికి లొంగకూడదు.

అభిప్రాయాలు, కాగితాలు

మాట్లాడే మనుషుల కోసం వచ్చామనేవారు ఎక్కువ. అక్కడ కారు నడపలేని వయసు వస్తే నాలుగు గోడల మధ్య మిగలాలి. ఇక్కడ అరుగు మీద కూర్చుంటే పలకరించేవారుంటారు. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు వెళ్లడం, పెళ్లిళ్లకు అక్షింతలు వేయడం వాళ్లకు మళ్లీ దొరికిన సంపద. మనవళ్లు అక్కడుండటం పెద్ద లోటు. బంధువుల నుంచి వచ్చే అప్పులూ చదివింపుల ఒత్తిడీ కొందరిని వెనక్కి పంపాయి. మేలో 44, 45 డిగ్రీల ఎండకు తాళలేక చలికాలం ఇక్కడ, ఎండాకాలం అక్కడ అన్న పద్ధతిలో స్థిరపడేవారూ ఉన్నారు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారికి ఈ పద్ధతిలో ప్రమాదం ఉంది. ముందస్తు అనుమతి లేకుండా ఏడాది మించి బయట ఉంటే కార్డు చెల్లకపోవచ్చు.

ఓసీఐ కార్డుతో పంచాయతీ ఎన్నికల్లో ఓటు లేదు. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయడానికి మాత్రం విదేశంలోని పౌరులకు 1986 చట్టం ప్రకారం హక్కు ఉంది. పాస్‌పోర్టు పనులకు హైదరాబాదులోని అమెరికా కాన్సులేటే గతి. అది 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది.

మరణం సంభవిస్తే పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రంతో పాటు ఆ కాన్సులేటు నుంచి మరణ నివేదిక కూడా తీసుకోవాలి. అమెరికాలోని బ్యాంకులు, బీమా సంస్థలు దాన్నే అడుగుతాయి. మరణించిన నెలకు పెన్షను చెల్లదు. ఖాతాలో పడితే తిరిగి ఇవ్వాలి. భార్య అమెరికా పౌరురాలు కాకపోతే, ఆమె భర్త పెన్షనును ఇక్కడ అందుకోవడానికి ఆ వివాహబంధంలో అయిదేళ్లు అమెరికాలో ఉండి ఉండాలన్న షరతు సాధారణంగా వర్తిస్తుంది. ఆ అయిదేళ్లకు రుజువుగా పాత పాస్‌పోర్టులు, అద్దె కాగితాలు, పన్ను రిటర్నులు పారేయకుండా దాచాలి. అవి ఏ పెట్టెలో ఉన్నాయో ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి.